గంటన్నర దారి

మా ఊరికి వచ్చేవాళ్ల కోసం ఒక మడత కాగితం ఉంది. ఎక్కడ తినాలి, ఎక్కడ ఉండాలి, ఎటు నడవాలి అన్నవన్నీ మూడు మడతల్లో సరిపోతాయి. పద్నాలుగేళ్లుగా దాన్ని రాసింది నా భార్య ఇష్బెల్. ఈ ఫిబ్రవరిలో ఆమె పోయింది. ఏప్రిల్‌లో ఊరి హాలు కమిటీ వాళ్లు, కొత్తగా అచ్చు వేసేముందు ఒకసారి చూసిపెట్టమని ఆ కాగితం నా చేతికిచ్చారు. బడిపంతులుని కాబట్టి తప్పులు దిద్దడం నా పనేనని వాళ్ల ఉద్దేశం.

దిద్దవలసినవి ఎక్కువ లేవు. సత్రంలోకి కుక్కలను రానిస్తారు అన్నచోట, ఒక్క కుక్కనే రానిస్తారని మార్చాలి. అందుకు కారణమైన రెండో కుక్క ఎవరిదో ఊరందరికీ తెలుసు. చర్చి పక్కన బసా, పొద్దుటి ఫలహారమూ ఇచ్చే మెక్‌ఫేల్ అక్కచెల్లెళ్లకు ఇప్పుడు మాటల్లేవు కాబట్టి రెండు ఫోన్ నంబర్లు వేయాలి. ఇక మిగిలింది ఒక్క అంకె.

‘సరస్సు ఒడ్డు దారి: రేవు నుంచి రోనా టీ దుకాణం దాకా, గంటన్నర.’

ఆ దారి రెండు మైళ్లు. ఎక్కడా ఎత్తు లేదు. నలభై నిమిషాలు చాలు. ప్రతి శీతాకాలమూ ఈ సంగతి నేను ఇష్బెల్‌కు చెప్పేవాణ్ణి. ఆమె చేతిలో అల్లిక ఆపకుండానే, “నీ నలభై నీ దగ్గరే ఉంచుకో,” అనేది. సెలవు రోజుల్లో నేను కొండ ఎక్కేవాణ్ణి, ఆమె ఒడ్డున నడిచేది. అందుకని ఆ వాదన తేలలేదు.

రోనా బడి గేటు దగ్గర నన్ను పట్టుకుంది. చిన్నప్పుడు నా దగ్గరే చదివింది. ఆమె బాధ ఇదీ: పది గంటలకు పడవ దిగినవాళ్లు కాగితం చూసి, గంటన్నర నడవాలి కదా అని వెంటనే బయల్దేరతారు. పదకొండు కాకముందే ఆమె తలుపు కొడతారు. స్కోన్లు, అంటే టీతో తినే ఆ చిన్న రొట్టెలు, పొయ్యిలోంచి దిగేది పదకొండున్నరకు. ఇంకాస్త ముందు చేయొచ్చుగా అని సత్రం యజమాని ఒకసారి అన్నాడు. ఆయనకు ఇప్పటిదాకా ఆ దుకాణంలో స్కోన్ దొరకలేదు.

“నలభై నిమిషాలని వేసెయ్యండి మాస్టారూ. అప్పుడు తీరిగ్గా బయల్దేరతారు,” అంది. “ఇన్నేళ్లూ ఇష్బెలక్క మొహం చూసి ఊరుకున్నాను.” ఆ మాట అన్నాక తన బూట్ల వంక చూసుకుంది.

సోమవారానికి కాగితం అచ్చుకు పోవాలి. పద్నాలుగేళ్ల తర్వాత ఊరంతా నా లెక్కే సరి అంటోంది. పెన్సిల్ తీసుకున్నాను గానీ, అంకె కొట్టివేయడానికి చెయ్యి రాలేదు. అది దిద్దితే ఆమెతో నాకు మిగిలిన చివరి వాదన కూడా అయిపోతుంది. అలాగని తప్పు అని తెలిసిన అంకెను అచ్చుకు పంపడమూ నా వల్ల కాదు. కొలిచి చూద్దామనుకున్నాను.

శనివారం సరిగ్గా పదింటికి, బడి పరుగుపందేల గడియారం నొక్కి రేవు దగ్గర బయల్దేరాను. మూడో నిమిషంలో డోలినా గేటు వచ్చింది. ఆవిడకు ఎనభై ఆరేళ్లు.

“ఆగు. ఎవరు తరుముతున్నారు నిన్ను?”

“దారి కొలుస్తున్నాను డోలినమ్మా.”

“దారెక్కడికీ పోదులే. నువ్వే సగమయ్యావు.”

గుడ్లు తెస్తానని లోపలికి వెళ్లింది. కోడి ఒప్పుకోలేదేమో, రావడానికి పావుగంట పట్టింది. గుడ్లు నా టోపీలో పెట్టి, ఒక చిన్న మందు సీసా కూడా నా చేతికిచ్చి, గేటుకు ఆనుకుని తల వెనక్కి వాల్చింది. రోజూ ఈ వేళకు ఆ చుక్కలు కళ్లలో వేసేది ఇష్బెలట. ఫిబ్రవరి నుంచి పోస్టావిడ వేస్తోందట, సగం చెవిలోకి పోతున్నాయట. నాకు ఈ సంగతి తెలియదు. మొదటి చుక్క ముక్కు మీద పడింది.

“పిల్లలకు పాఠాలైనా సరిగ్గా చెబుతావా నువ్వు?” అంది డోలినా కళ్లు తెరవకుండానే. రెండో చుక్క సరిగ్గా పడింది.

తర్వాత టోర్క్విల్ పడవల పాక. నా ఒక చేతిలో గుడ్ల టోపీ, ఇంకో చేతిలో గడియారం చూసి అతను రంగు బ్రష్షు పక్కన పెట్టాడు.

“గుడ్లు ఉడకబెట్టడానికి బయల్దేరారా మాస్టారూ? ఇటు ఈ చెక్క పలక పట్టుకోండి, నీళ్లు కాగేలోగా అయిపోతుంది.”

పలక పట్టుకున్నాను. మేకు దొరకలేదు. దొరికాక సుత్తి దొరకలేదు. రోజూ ఈ వేళకు ఇష్బెల్ వస్తుందని పలకలన్నీ దాచిపెట్టేవాణ్ణని చెప్పాడు. ఆవిడ పట్టుకుంటే పలక కదిలేది కాదట, నేను పట్టుకుంటే పలకతో పాటు పడవా కదులుతోందట. పొగబెట్టిన చేప ఒక ముక్క తినేదాకా వదల్లేదు. ఆ తర్వాత వాన వచ్చింది, పోయింది. దారికి అడ్డంగా గొర్రెలు వచ్చాయి, అవి మాత్రం పోలేదు.

నేను చేరేసరికి రోనా గుమ్మంలో నిలబడి ఉంది. వెనక నుంచి స్కోన్ల వాసన వస్తోంది. ఎంత పట్టిందని అడిగింది. గడియారం చూపించాను. గంటా ముప్పై అయిదు నిమిషాలు.

రోనా వంగి ఆ ముల్లు చూసింది. తర్వాత నవ్వింది. “అయిదు నిమిషాలు లేటు మాస్టారూ. అక్క ఎప్పుడూ గంటన్నరకే వచ్చేది.”

“చుక్కలు వేయడం నాకింకా చేతకాదు,” అన్నాను.

అక్కడే బల్ల దగ్గర కూర్చుని కాగితం తీశాను. రోనా వెన్నా జామూ తెచ్చి, నా భుజం మీదుగా చూస్తూ నిలబడింది. ఆమె బాధా తీరాలి, అబద్ధమూ ఉండకూడదు. ఇష్బెల్ రాసిన అంకెను కొట్టివేయలేదు. దాని ముందు నాలుగు మాటలు చేర్చాను: ‘నడిస్తే నలభై నిమిషాలు. గేట్ల దగ్గర ఆగి మాట్లాడితే గంటన్నర.’

“ఎవరూ ఆగరు,” అంది రోనా.

జూలైలో డోలినా నన్ను తిట్టడం మొదలుపెట్టింది. ఊరూ పేరూ తెలియనివాళ్లు వచ్చి తన గేటు దగ్గర నిలబడుతున్నారట. ఒక డచ్చి ఆయన కోళ్ల పేర్లన్నీ పుస్తకంలో రాసుకుని పోయాడట. ఇదంతా నా వల్లేనట. ఆవిడ ఈ మాటలంటున్నప్పుడు ఆనుకున్న గేటుకు కొత్త ఆకుపచ్చ రంగు వేసి ఉంది. తన డబ్బాలో సగం రంగు ఏమైందని టోర్క్విల్ ఊరంతా అడుగుతున్నాడు. పదకొండున్నరకు ముందు తలుపు చప్పుడు తగ్గిందని రోనా నాకు నేరుగా చెప్పలేదు. సత్రం యజమానికి మాత్రం ఒక స్కోన్ పంపించింది.

మందు సీసా డోలినా గౌను జేబులోనే ఉంటుంది. సాయం చేస్తామని వచ్చినవాళ్లకు ఇవ్వదు. పోస్టావిడకు సోమవారం నుంచి శుక్రవారం దాకా పని తప్పలేదు గానీ, బడి లేని శని, ఆదివారాలు నా వంతు.

మొన్న శనివారం గంటా ముప్పై రెండు నిమిషాలు పట్టింది.