ఆరో నంబరు క్యాబిన్

దగ్గు బాబాయికి దగ్గు జబ్బు లేదు. ఈ సంగతి తెలియక, పెళ్లయిన కొత్తలో ఆయన అల్లుడు ఆయన్ని బలవంతాన ఆసుపత్రికి తీసుకెళ్లి ఎక్స్‌రే తీయించాడు. ఊపిరితిత్తులు నిక్షేపంగా ఉన్నాయని డాక్టరు చెప్పినా అల్లుడికి నమ్మకం కుదరలేదు. మరి ఏ గదిలోకి వెళ్లబోయినా గుమ్మం దగ్గర ఆగి, పొడిగా రెండుసార్లు దగ్గి, మనసులో మూడు లెక్కపెట్టుకుని గాని ఈ మనిషి అడుగు పెట్టడేమిటి? స్నానాల గదిలో ఎవరూ లేరని తెలిసినా సరే, దగ్గే వెళ్తాడు. అత్తగారు నవ్వుతూ అసలు విషయం చెప్పేదాకా పాపం ఆ అల్లుడు మందుల షాపు చుట్టూ తిరుగుతూనే ఉన్నాడు.

అసలు విషయం హోటలు. ఊరి నడిబొడ్డున, సినిమా హాలుకీ కోర్టుకీ మధ్య వీధి మూలమీద ఉండేది. బోర్డు మీద పేరు వేరే ఉన్నా అందరికీ అది మూల హోటలే. కింద హాలు, మేడ మీద ఎనిమిది క్యాబిన్లు, ఒక్కోదానికి ఒక ఆకుపచ్చ తెర. ఆ మేడ మీద బాబాయి ముప్పై ఒక్క ఏళ్లు సర్వరుగా పనిచేశాడు. చేరిన రోజున యజమాని, గల్లాపెట్టె వెనక కుర్చీ నిండా కూర్చుని, రెండే రెండు ముక్కలు చెప్పాడు. తెర తీసేముందు దగ్గాలి. లోపల చూపు బల్ల దాటకూడదు. ముఖం చూశావంటే రేపటి నుంచి రానక్కర్లేదు, లోపల విన్నది మెట్లు దిగిందంటే ఇవాళ్టి నుంచే రానక్కర్లేదు. "మనం అమ్మేది టీ కాదురా, తెర," అనేవాడు.

బాబాయి మాట మీద నిలబడే మనిషి. కొందరి నోట్లో నువ్వుగింజ నానదంటారు, ఈయన నోట్లో కొబ్బరికాయ వేసినా నానుతుంది. ఊళ్లో సగం మందికి టీలు పోసి కూడా వాళ్లలో ఒక్కరి ముఖమూ ఎరగడు. చేతులు మాత్రం ఎరుగును. కప్పు పట్టుకునే తీరు చూసి మనిషి వకీలో గుమాస్తానో చెప్పేవాడు. సాసరు మీద చెంచా ఎంతసేపు ఆడుతోందో చూసి, రావలసిన మనిషి ఇంకా రాలేదని కనిపెట్టేవాడు. "నలభై ఏళ్లు కాపురం చేశాను, బజార్లో తప్పిపోతే ఇప్పటికీ నా చేతులు చూసి గాని గుర్తుపట్టలేడు," అని భార్య దెప్పుతూ ఉంటుంది. అది నిజమో అబద్ధమో ఆయన ఎప్పుడూ తేల్చలేదు.

హోటలు మూసేసి పదిహేనేళ్లయింది. అదొక్కటే పోతే సరిపెట్టుకోవచ్చు. మెట్ల కింద జానెడు బల్ల వేసుకుని పెన్నుల పాళీలు సరిచేసే ఆయన పోయాడు. సైకిళ్లు గంటల లెక్కన అద్దెకిచ్చే షెడ్డు పోయింది. అక్కడ బ్రేకులున్న సైకిలు దొరికితే ఆ రోజు లాటరీ తగిలినట్టే. ఫోటో స్టూడియో పోయింది. దాని గోడ మీది చెరువూ, ఎక్కడికీ వెళ్లని మెట్లూ, ఊళ్లో ప్రతి కొత్త జంటా చెయ్యి ఆనించి నిలబడ్డ ఆ అట్ట స్తంభమూ పోయాయి. పేవ్‌మెంటు మీద నవలలు అద్దెకిచ్చే ఆయన చివరి పేజీలు ఊడిపోయినవి కూడా దర్జాగా ఇచ్చేవాడు, ముగింపు అడిగితే నోటితో చెప్పేవాడు. చాలాసార్లు రాసినాయన ముగింపు కన్నా ఈయనదే బాగుండేది.

ఇప్పుడా మూలన గాజు మేడ లేచింది. అందులోనూ కాఫీ అమ్ముతారు. తెర లేదు, గోడ లేదు, తాగేవాడు రోడ్డంతటికీ కనపడుతూ తొట్టిలో చేపలా కూర్చోవాలి. బాబాయి ఒకసారి సరదాపడి వెళ్లి, తలుపు తోస్తూ అలవాటుగా దగ్గాడు. లోపలున్న వాళ్లందరూ ఒక్కసారి తలెత్తి చూసేసరికి సిగ్గుతో చచ్చిపోయి వెనక్కి వచ్చేశాడు.

కిందటి నెల ఆయన్ని వెతుక్కుంటూ ఒక అమ్మాయి ఇంటికొచ్చింది. కాలేజీలో పాఠాలు చెబుతుందట, ఇరవై ఎనిమిదేళ్లుంటాయి. గ్రంథాలయం హాల్లో ఒక ఆదివారం సాయంత్రం ఆ పాత వీధి దుకాణాల వాళ్లనీ, అక్కడికి వచ్చిపోయిన వాళ్లనీ ఒకచోట కూర్చోబెట్టి మాట్లాడించాలని ఆమె తాపత్రయం. తుక్కు దుకాణంలో మూల హోటలు క్యాబిన్ బల్ల ఒకటి, రెండు కుర్చీలతో సహా దొరికిందట. బాబాయి గారు ఆ బల్ల దగ్గర నిలబడి పాత పద్ధతిలో టీ ఇవ్వాలట. బాబాయి మొహమాటపడుతూనే ఉబ్బిపోయాడు. భార్య అప్పుడే ట్రంకు పెట్టెలోంచి తెల్ల చొక్కా తీస్తోంది.

"మా ఇంటి కథ కూడా అక్కడే మొదలైంది బాబాయి గారూ," అంది ఆ అమ్మాయి. "అమ్మ అప్పట్లో టైపిస్టు. గురువారం గురువారం ఒక్కతే వచ్చి కూర్చునేదట. నాన్న మూడు నెలలు వెంటపడి, చివరికి ఆరో నంబరు క్యాబిన్లో ఒప్పించారట."

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, బాబాయి శుభ్రంగా ఉన్న బల్లని తుడవడం మొదలుపెట్టాడు. ఆ అమ్మాయి తన ధోరణిలో తను చెప్పుకుపోతోంది. నాన్న పోయి ఏడాదైందట. ఆ ఆరో నంబరు కథ ఆయన ఇంటికొచ్చిన వాళ్లందరికీ చెప్పి మురిసిపోయేవాడట. అమ్మ మాత్రం అప్పుడూ ఇప్పుడూ ఆ ఊసే ఎత్తదట, ఆవిడకి మొదటి నుంచీ నాన్న మీద కాస్త నిర్లక్ష్యమేనట. ఆదివారం అమ్మని కూడా తీసుకొస్తుందట. ఆ బల్ల ముందు కూర్చున్నాకైనా ఆయన గురించి నాలుగు మంచి మాటలు చెబుతుందేమోనని ఆశ.

ఆ టైపిస్టు చేతులు బాబాయికి తెలుసు. కుడిచేతి మధ్యవేలి కొసన ఊదారంగు మరక ఉండేది, మిషను రిబ్బను మార్చినప్పుడు అంటుకుని ఎంత కడిగినా పోనిది. నాలుగింటికి ఒక టీ, వెన్న రాసిన బన్ను, పేవ్‌మెంటు నవల. కప్పుని చెవి పట్టుకుని ఎత్తేది కాదు, రెండు చేతుల మధ్య పొదువుకునేది. పేజీ తిప్పేముందు వేలికంటిన వెన్న రుమాలుకి తుడుచుకునేది. రెండేళ్లలో ఆయనతో మాట్లాడింది లేదు గాని, లేచి వెళ్లేముందు ఖాళీ కప్పుని సాసరు నట్టనడుమ పెట్టి వెళ్లేది. సర్వరు కష్టం తెలిసిన వాళ్లే అలా పెడతారు. అందుకని ఆయన కూడా గురువారం బన్నుకి వెన్న కాస్త దట్టంగా రాయించేవాడు. ఆ గురువారాలంటే ఆయనకి ఇష్టం.

ఆ తర్వాత ఎదుటి కుర్చీలోకి ఇంకో జత చేతులొచ్చాయి, ఉంగరాలు పెట్టినవి. అవి ఒక్కక్షణం ఊరికే ఉండేవి కావు. తెరిచిన నవల మూసేవి, ఆమె కప్పు పక్కకి జరిపేవి.

ఒక ముసురు పట్టిన గురువారం, బాబాయి దగ్గి, మూడు లెక్కపెట్టి తెర తీసేసరికి బల్ల మీద ఒక కాగితం ఉంది. పైన గుండ్రటి ముద్ర, కింద సంతకం. ఉంగరాల చెయ్యి ఒకటి ఆ టైపిస్టు మణికట్టుని బల్లకేసి అదిమి పట్టింది. రెండోది ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి, తాపీగా ఆమె టీలో ముంచింది. ముద్రలోని రంగు టీలోకి దిగడం బాబాయి చూశాడు. అప్పుడా టైపిస్టు రెండో చెయ్యి కప్పు వైపు చాచింది, అరచెయ్యి తెరిచి.

క్యాబిన్లలో సర్వరుతో మాటలుండవు. కప్పు వైపు చెయ్యి చాస్తే, ఇక చాలు తీసేయమని అర్థం. బాబాయి తీసేశాడు. కాగితంతో సహా కప్పుని ట్రేలో పెట్టుకుని, తెర సరిచేసి, మెట్లు దిగి, ఎంగిలి కప్పుల తొట్టిలో వేశాడు. ఆ చెయ్యి తీసేయమనలేదనీ, కాగితం అందుకోబోయిందనీ తొట్టి దగ్గరే ఆయనకి తట్టింది. మేడ మీదున్నప్పుడే తల ఎత్తి ఉంటే ముఖం చూడగానే తెలిసేది. ఎత్తలేదు. తెలిశాకైనా వెనక్కి వెళ్లి ఉండొచ్చు. గల్లాపెట్టె దగ్గర యజమాని ఉన్నాడు, ఇంట్లో రెండేళ్ల కూతురు ఉంది, వెళ్లలేదు. తర్వాతి గురువారం ఆరో నంబరు ఖాళీ. ఆ చేతులు మళ్లీ రాలేదు.

ఇది జరిగి ముప్పై ఏళ్లు. ఇంతకాలం మూల హోటలు గురించి ఎవరు తియ్యగా మాట్లాడినా ఆయన తేలు కుట్టిన దొంగలా కూర్చునేవాడు. పోనీ ఆ హోటలంటే అసహ్యమా అంటే, ప్రాణం. ఆ బాధ ఎవరికి చెప్పుకుంటే తీరుతుంది?

ఆదివారం పొద్దున ఒంట్లో బాగాలేదని దుప్పటి ముసుగుపెట్టాడు. భార్య నుదుటి మీద చెయ్యి వేసి చూసి, జ్వరం లేదు, సంగతేమిటని నిలదీసింది. కాపురం మొత్తంలో మొదటిసారి ఆయన క్యాబిన్ మాట ఒకటి బయటపెట్టాడు. ఆవిడ అంతా విని, తిట్టలేదు, ఓదార్చనూ లేదు. "ముప్పై ఏళ్లు మోశారు. ఇంకో పూట మోసుకెళ్లి, దించాల్సిన చోట దించి రండి," అని చొక్కా ఇస్త్రీ చేసి చేతికిచ్చింది.

హాలు కిటకిటలాడుతోంది. పాళీల ఆయన కొడుకు తండ్రి పనిముట్ల డబ్బా పట్టుకొచ్చాడు. గోడనిండా ఫోటోలు, అందరి చెయ్యీ అదే అట్ట స్తంభం మీద. నడుమ క్యాబిన్ బల్ల, దాని మీద '6' అని రాసిన అట్టముక్క. బాబాయి ట్రే పట్టుకుని పక్కన నిలబడ్డాడు, జనం వంతులవారీగా వచ్చి కూర్చుంటున్నారు. ఆయన చూపు మామూలుగానే బల్ల దాటలేదు. చిటికెనవేలు కొస తెగిన చెయ్యి కనపడగానే, ప్రెస్సులో కటింగు మిషను దగ్గర ఉండేవారు కదూ, మూడో నంబరు, పంచదార తక్కువ అన్నాడు. ఆ మనిషి నోరు తెరిచాడు. ఇంకొకాయన చేతులు చూసి, వకీలుగారూ, మీరిప్పటికీ సాసరులోనే తాగుతారా అని అడిగితే హాలంతా గొల్లుమంది. బాబాయికి పాతికేళ్లు తగ్గినట్టే ఉంది. కాసేపు వచ్చిన పని కూడా మరిచిపోయాడు.

అప్పుడు ఇంకెవరో వచ్చి కూర్చున్నారు. ఆయన కప్పు పెట్టాడు. ముడతలు పడ్డ రెండు చేతులు ముందుకొచ్చి, చెవి వదిలేసి, కప్పుని మధ్యలో పొదువుకున్నాయి. వేలి మీద మరక లేదు.

బాబాయి తల ఎత్తాడు. కళ్లజోడు, నెరిసిన జుట్టు, ఎన్నడూ చూడని ముఖం.

"ఆ కప్పు నేను తీసి ఉండకూడదమ్మా," అన్నాడు మెల్లగా.

ఏ కప్పని ఆవిడ అడగలేదు. "టీలో ఏం మునిగిందో మీరు చూడలేదనుకున్నానండి," అంది. "మీ పని మీరు చేసుకుపోయారనుకున్నాను. ఆ రోజు తలుచుకుని అందర్నీ తిట్టుకున్నాను గాని, మిమ్మల్ని ఒక్కమాట అనుకోలేదు."

అబద్ధం ఆడటానికి అంతకన్నా మంచి అదను దొరకదు. అవునమ్మా, చూడలేదు అంటే చాలు. ఆవిడే తలుపు తీసి పట్టుకున్నట్టుంది.

"ముద్ర కూడా చూశాను," అన్నాడు బాబాయి.

ఆవిడ కప్పు కింద పెట్టింది. ఆ ముఖంలోకి చూస్తూ నిలబడటం బాబాయికి ముప్పై ఒక్క ఏళ్ల ఉద్యోగం కన్నా కష్టమనిపించింది, అయినా చూపు దించలేదు. చివరికి ఆవిడ, సోమవారం లోపల వెళ్లి చేరమని రాశారు, ఆరబెట్టుకుని పట్టుకెళదామనుకున్నాను అని మాత్రం అంది, తనలో తను అనుకుంటున్నట్టు.

ఇంతలో కూతురు ఫోను పట్టుకుని నవ్వుకుంటూ వచ్చింది. అమ్మని ఆ కుర్చీలో చూసి ఆ పిల్ల ఆనందం అంతా ఇంతా కాదు. బాబాయి గారు గుర్తుపట్టారా అమ్మా, ఇప్పుడైనా చెప్పు, నాన్న నిన్నెలా ఒప్పించారు అంటూ రికార్డింగు నొక్కి బల్ల మీద పెట్టింది.

"నన్నడక్కు," అంది ఆవిడ. "నేను చెబితే పోయిన మనిషి మీద చాడీలా ఉంటుంది, నువ్వు నమ్మవు. ఆ రోజు ఈయన ఇక్కడే ఉన్నారు. చూశారు కూడా. ఈయన్ని అడుగు."

కూతురు నవ్వుతూనే బాబాయి వైపు తిరిగింది. తండ్రి మాట వినబోతున్నానన్న సంబరం కళ్లలో అలాగే ఉంది. లోపల విన్నది మెట్లు దిగకూడదన్న యజమాని పోయాడు, హోటలు పోయింది, ఆ మెట్లూ పోయాయి. ఆ మాటని ఇంకా పట్టుకు వేలాడుతున్నది బాబాయి ఒక్కడే. చెబితే ఈ పిల్ల గుండె పగులుతుంది. చెప్పకపోతే ఆవిడ మళ్లీ ఒంటరిదవుతుంది, ఈసారి ఆయనకి తెలిసి తెలిసి.

ఆయన ట్రే కింద పెట్టి, ఎదుటి కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. క్యాబిన్ కుర్చీలో ఆయన కూర్చోవడం అదే మొదలు.

"ఆ రోజు మీ అమ్మకి గవర్నమెంటు ఉద్యోగం వచ్చిందమ్మా," అని మొదలుపెట్టాడు.