ఐదో పొర

కూతురు పొద్దున గడప దాటింది మొదలు సాయంత్రం గేటు చప్పుడయ్యే దాకా ఇంట్లో మిషను మీద బట్టలు కుట్టే మిషనమ్మకి ప్రాణాలు అరచేతిలో ఉండేవి. చిన్నప్పుడు బుడగ పేలితే బీరువా వెనక నక్కేది కాబట్టి ఆ పిల్లని అందరూ పిచ్చుక అనేవారు. అదే పిచ్చుక ఇప్పుడు తూటాలు పేల్చి చూసే ఉద్యోగం చేస్తోంది. పోలీసులు కొనబోయే పిస్తోలు తూటాలు సరిగ్గా పనిచేస్తాయో లేదో తేల్చే పరీక్షశాల అది.

"మా అమ్మాయి ఊ అంటేనే అక్కడ తూటా కదులుతుంది" అని వీధంతా చెప్పుకునేది మిషనమ్మ. చెప్పి లోపలికొచ్చి, ఏ తూటా దారి తప్పుతుందోనని కూర్చుని వణికేది.

పరీక్షశాలకి గుడ్డలు కుట్టే దర్జీ కొట్టు మూసేయడంతో, పిచ్చుక పెద్దసారుని అడిగి ఆ పని తల్లికి ఇప్పించింది. పనేమీ కష్టం కాదు. జీన్స్ గుడ్డ చదరంగా కత్తిరించి, నాలుగు పొరలు పేర్చి, పైఅంచున ఒక కుట్టు వేయాలి.

"నాలుగేనమ్మా. మూడూ వద్దు, ఐదూ వద్దు."

"ఇది ఎక్కడ కడతారే?"

"తూటాకి అడ్డంగా" అంటూ చెప్పుల్లో కాళ్లు దూర్చి వెళ్లిపోయింది పిచ్చుక.

ఆ మాట మిషనమ్మని కుదురుగా ఉండనిచ్చిందా? తూటాకి అడ్డం అంటే ఇటు తూటా, అటు తన బిడ్డ, మధ్యలో ఈ గుడ్డ అన్నమాట. మిగిలిన గుడ్డ ఇంకొక్క ముక్కకి సరిపోయేలా ఉంది. ఆఖరుదాని మధ్యలో ఐదో పొర దూర్చి, పైకి తెలియకుండా కుట్టేసింది. ఒక పొర ఎక్కువైతే కొంపేం మునగదు కదా అనుకుంది.

కొంప మునిగినంత పనే అయింది. రెండు రోజుల తర్వాత పిచ్చుక వస్తూనే ఒక చిన్న ప్లాస్టిక్ డబ్బా బల్ల మీద పెట్టింది. లోపల తూటా. మిషనమ్మ గోడకి అతుక్కుపోయింది.

"పేలిపోయిందేలే. ఇంక నిన్నేం చేయదు, ఇలా రా."

తూటా ముక్కున చిన్న గుంట, దాని నిండా నీలం గుడ్డ కూరినట్టుంది. పిచ్చుక సన్నటి పట్టకారుతో ఒక్కొక్క పొరే లాగింది. పెసరబద్దలంతేసి గుండ్రటి ముక్కలు వరసగా బల్ల మీద పడ్డాయి. ఐదు.

"ఈ గుంట ఉన్నందుకే తూటా లోపలికెళ్లాక పువ్వులా విచ్చుకుని ఆగుతుందమ్మా. గుడ్డ బిగుసుకుంటే విచ్చుకోదు. నేరుగా దూసుకుపోయి వెనకాల ఉన్నవాడికి తగులుతుంది. మిగతావన్నీ విచ్చుకున్నాయి, ఇదొక్కటే పోయింది. ఒక్కటి తప్పినా ఈ తూటాలు పనికిరావని రాసేయాలి. రేపు సంతకం నాది."

మిషనమ్మ తాను చేసింది చెప్పేసింది. చెప్పి, "ఆ ఐదో ముక్క పారేయవే తల్లీ. ఎవరు చూడొచ్చారు? ఉద్యోగం ఊడుతుంది" అంది.

"పారేస్తే మంచి తూటాని చెడ్డదని రాసినట్టు. ఇవాళ అది చేస్తే, ఇంకోరోజు చెడ్డదాన్ని మంచిదని రాయమన్నా రాస్తాను."

"అయితే నేనూ వస్తాను. తిట్లేవో నేను తింటాను."

"వచ్చి ఏడవకు మరి."

పెద్దసారు గదిలో మిషనమ్మ కొంగు ముడి వేస్తూ విప్పుతూ నిలబడింది. ఆయన ఐదు ముక్కల్నీ తెల్లకాగితం మీద పెట్టుకుని చూశాడు.

"ఎందుకేశారమ్మా ఇది?"

"దాని వెనకాల మా పిల్ల నిలబడుతుందనుకున్నానయ్యా."

పక్కనున్న గుమస్తా కిసుక్కుమన్నాడు. పెద్దసారు మాత్రం నవ్వలేదు. పిచ్చుక వైపు తిరిగి, "తప్పు ఎవరిదని రాద్దాం?" అన్నాడు.

"నాదని. లెక్కపెట్టకుండా తీసుకున్నది నేను. ఆ ఫలితం కొట్టేసి పరీక్ష మళ్లీ చేయాలి."

ఆయన ఐదు ముక్కల్నీ ఆ కాగితంలోనే పొట్లం కట్టి పక్కన పెట్టాడు. ఈ పూటతో పిల్ల ఉద్యోగం సరి అనుకుంది మిషనమ్మ.

"అలాగే రాయి. నువ్వే చెయ్యి. అమ్మనీ చూడనివ్వు" అన్నాడు చివరికి.

చప్పుడు వినపడకుండా చెవులకి పెట్టుకునే బరువైన డిప్పలు చేతికిచ్చి, మిషనమ్మని మందపాటి అద్దం వెనక నిలబెట్టారు. అవతల పొడుగాటి గది. పిస్తోలు ఇనప బిగింపులో ఉంది. కొంత దూరంలో, మనిషి కండకి బదులుగా కాచి గడ్డకట్టించిన జిలటిన్ దిమ్మ ఉంది. దాని ముందు నాలుగు పొరల గుడ్డ వేలాడుతోంది. గుడ్డ వెనకాల మనిషన్నవాడు లేడు.

"మరి ఈ గుడ్డ ఎవరికోసమే?"

"పోలీసులు కాల్చాల్సి వచ్చినప్పుడు, చలికి మందంగా బట్టలేసుకున్నవాడి కోసం. ఒంటి మీద ఏమున్నా తూటా వాడి దగ్గరే ఆగాలి, వాడి వెనక బస్సు కోసం నిలబడ్డవాళ్ల దాకా పోకూడదు."

వాడికీ ఒక అమ్మ ఉంటుంది కదా అనుకుంది మిషనమ్మ. ఆ వెనక నిలబడ్డవాళ్లకీ ఉంటుంది.

పిచ్చుక అవతలికి వెళ్లి గుడ్డ అంచు తిరగేసి, పొరలు వేలితో లెక్కపెట్టింది. అద్దం వెనక్కి వచ్చి, తల్లి చెవులకి డిప్పలు పెట్టి, చుట్టూ చూసింది. గుమస్తా నుంచి పెద్దసారు దాకా అందరూ ఆమె ముఖంకేసి చూస్తున్నారు. ఎవరూ కదలడంలేదు.

"ఊ" అంది పిచ్చుక.

పిస్తోలు పేలింది. మిషనమ్మ ఎగిరిపడి గుమస్తా చెయ్యి పట్టుకుంది. పిచ్చుక కన్నయినా ఆర్పలేదు.

దిమ్మ కోసి తీసిన తూటా తల్లి అరచేతిలో పెట్టింది. రేకులన్నీ వెనక్కి విచ్చుకున్నాయి, మధ్యలో ఒక నీలం నూలుపోగు. పెద్దసారు కాగితం మీద పిచ్చుక సంతకం కింద తనదీ చేశాడు. "ఇకనుంచి కుట్టినవి తూచి తీసుకో. అమ్మ కుట్టినవైనా సరే" అన్నాడు. అంటే కుట్టుపని ఉంది, ఉద్యోగమూ ఉంది.

సాయంత్రం ఎదురింటావిడ గోడ మీదుగా తొంగిచూసింది. "నీ కూతురు ఊ అంటేనే పేలుతుందంటావుగా వదినా, చూశావా మరి?"

"కళ్లారా చూశాను."

"నువ్వేం చేశావు అక్కడ?"

"ఉలిక్కిపడ్డాను" అంది మిషనమ్మ, ఎన్నడూ లేనంత దర్జాగా.