యెరికోలో మొదటి దెబ్బ

రేకు అంచు మడిచి, దాని మీద కొయ్యసుత్తితో వరసగా దెబ్బలు వేసి, భిక్షపతి బీరువా తలుపును పక్కకు తిప్పాడు. తెలంగాణ కోసం బంద్ కాబట్టి ఎల్బీనగర్‌లోని ఆ షెడ్డు షట్టరు సగమే ఎత్తి ఉంది. పొట్టి మనిషి. ముంజేతులు మాత్రం తొడలంత. ఎడమ బొటనవేలి గోరు ఎప్పుడో రేకు కింద పోయింది. కుడి చెవిలో ఒకటే హోరు, ఎడమ చెవిలో అదీ లేదు.

"ఏం భిక్షపతీ, దేవుడు నీకు చెవిల జెప్తడంటవు గదా. గిప్పుడు ఏ చెవిల జెప్తుండు?" రంగు పూస్తున్న లింగస్వామి నవ్వాడు.

భిక్షపతికి నవ్వు మాత్రమే కనిపించింది. "ఇంకొక్క తలుపే," అన్నాడు.

నాలుగింటికి చేతులు కడుక్కుని, బస్సుల్లేని రోడ్డు మీద దిల్‌సుఖ్‌నగర్‌కు నడిచాడు. మర్నాటి సువార్త సభకు చర్చి బ్యాండు ఆఖరి ప్రాక్టీసు. జనం తనవైపు తలెత్తి చూసేది ఆ డ్రమ్ముల వెనక సీట్లో కూర్చున్నప్పుడే. అది పోతే ఇక ఆదివారం కూడా షెడ్డే.

కొత్తపేటలో ఊరేగింపు ఎదురైంది. ఎవరో డప్పు చాపారు. "అన్నా, నాలుగు దెబ్బలెయ్యి."

తల అడ్డంగా ఊపి తప్పుకున్నాడు. బ్యాండుకు రాజకీయాలొద్దని దాన్ని నడిపే ఉపేంద్ర మాట తీసుకుని రెండేళ్లయింది.

అసలు ఆ బ్యాండు పుట్టిందే ఇతని డప్పులో. నల్లగొండ నుంచి తెచ్చుకున్న డప్పును చర్చి వెనక గడ్డిమంట మీద కాచి వాయిస్తుంటే, కృష్ణా జిల్లా నుంచి వచ్చి కోచింగ్ సెంటర్లో లెక్కలు చెప్పే ఉపేంద్ర, అరువు గిటారుతో పక్కన నిలబడ్డాడు. కీర్తన పరుగందుకుంది. చావులకు కొట్టేది దేవుని సన్నిధిలో ఏమిటని సంఘ పెద్దలు డప్పును బయట పెట్టించారు. దాని చోట పాత డ్రమ్ములు వచ్చాయి. తర్వాత బూరల మోతకు గోడలు కూలిన బైబిలు పట్నం యెరికో పేరు, నల్ల టీషర్టులు, సీడీ. సీడీ అట్ట మీద భిక్షపతిది నుదురొక్కటే పడింది.

మొన్న ఆదివారం పొరపాటు జరిగింది. ఎప్పుడూ తాళం వేసే ఉపేంద్ర మడమ చూసి కొట్టే భిక్షపతి, ఆ రోజు కళ్లు మూసుకున్నాడు. ప్రార్థనకు అందరూ ఆగారు. తను ఆగలేదు. అంత నిశ్శబ్దంలో ఒక్కడే కొడుతుంటే, ఆత్మ దిగిందనుకుని సంఘమంతా చేతులెత్తి హల్లెలూయ అంది. ఉపేంద్ర చేతులు మాత్రం లేవలేదు.

ముందు గుమ్మం దగ్గర చెప్పులు విడిచి చర్చి హాల్లోకి వస్తే, డ్రమ్ముల పక్కన లాప్‌టాప్ ఉంది. డ్రమ్ముల లోపల పాత దుప్పట్లు కుక్కారు.

"డ్రమ్స్ ఇందులో రికార్డు చేసేశాం భిక్షపతన్నా," ఉపేంద్ర నిదానంగా చెప్పాడు. "రేపు నువ్వు ఊరికే కొట్టినట్టు చెయ్యి చాలు."

"మరి నేనెందుకు తమ్మీ?"

ఉపేంద్ర గోడవైపు తిరిగి ఏదో అన్నాడు.

"జర నా దిక్కు జూసి చెప్పు."

"బయట పరిస్థితి తెలుసుగా. స్టేజీ మీద అందరూ ఆంధ్రావాళ్లే అంటే రాళ్లు పడతాయేమో. నువ్వు కనబడితే, మైకులో మీ భాషలో నాలుగు ముక్కలు చెబితే..."

"డప్పు బయట వెట్టిననాడు గీ భాష యాదికి రాలే," అన్నాడు భిక్షపతి.

అయినా కూర్చున్నాడు. పాట మొదలైంది. పుల్లలు మెత్తగా దిగి మెత్తగా లేస్తున్నాయి. చెవి పోయినా పెద్ద డ్రమ్ము అదురు ఇన్నాళ్లూ కాలి ఎముకలో తెలిసేది. దుప్పట్లు దాన్నీ మింగేశాయి. రెండు పాటలు అట్లాగే చేశాడు. మూడో పాట నడుమ చేతులు ఆపాడు. ఉపేంద్ర మడమ ఆగలేదు. ఎవరూ వెనక్కి తిరగలేదు. కాసేపు ఆ మడమనే చూసి, పుల్లలు డ్రమ్ము మీద పెట్టి, పక్కనే ఉన్న వెనక గుమ్మం గుండా మెట్లు దిగాడు.

"బాగా కుదిరింది కదన్నా?" పాట అయ్యాక ఉపేంద్ర తిరిగి చూశాడు. సీటు ఖాళీగా ఉంది.

అందరూ వెళ్లాక ముందు గుమ్మం దగ్గర ఒక జత రబ్బరు చెప్పులు మిగిలాయి. అరిగిన మడమల్లో దిగబడిన ఇనుప రజను దీపం వెలుగుకు సన్నగా మెరుస్తోంది.