పెద్ద డాక్టరు గారి తెల్లకోటు

నేను ఒక తెల్లకోటును. అలాగని ఆసుపత్రిలో పుట్టలేదు. హైదరాబాదు కృష్ణానగర్‌లో, సినిమాలకు దుస్తులు కుట్టే మస్తాన్ దుకాణంలో పుట్టాను. పోలీసు ఖాకీ, లాయరు నల్లకోటు, నేను ఒకే మిషను మీద ఒకే రోజు తయారైనవాళ్ళం. నా జేబులకు పైన మడతే గానీ లోపల సంచి లేదు. "కెమెరాకి లోపలిది కనపడదు గదా భాయ్" అన్నాడు మస్తాన్, దారం కొరుకుతూ.

ఆ తరవాత ఎందరి భుజాల మీదికో ఎక్కాను. కథానాయకుడు నన్ను తొడుక్కుంటే పరీక్షలతో పని లేదు. రోగి కళ్ళలోకి చూసి జబ్బు చెప్పేసేవాడు. ప్రతినాయకుడు నన్ను తొడుక్కుని కిడ్నీలు అమ్ముకున్నాడు. హాస్యనటుడు గడ్డపారంత సూది పట్టుకుని నర్సు వెంట పడ్డాడు. దేవుడు, రాక్షసుడు, బఫూను అందరూ వచ్చారు గానీ మామూలు డాక్టరు మాత్రం నాలోకి ఎప్పుడూ దూరలేదు. అలసిపోయిన డాక్టరు, అనుమానమొచ్చి పుస్తకం తిరగేసే డాక్టరు ఎలా ఉంటారో నాకు తెలియదు. చప్పట్లు వినపడేవి. వైద్యమంటే అదే అనుకున్నాను.

చివరికి జోగినాథం గారి దగ్గర స్థిరపడ్డాను. నెరిసిన జుట్టు, బంగారు ఫ్రేము కళ్ళజోడు, బరువైన గొంతు. ఆపరేషను గది తలుపు తోసుకుని బయటికి రావడం, కళ్ళజోడు తీయడం, ఒక్క మాట చెప్పడం, ఎప్పుడూ ఆయన పాత్ర అంతే. ఏడుపు కథయితే "అయామ్ సారీ." సుఖాంతమైతే "ప్రాణానికేం భయం లేదమ్మా." యూనిట్లో అందరూ ఆయన్ని పెద్ద డాక్టరు గారూ అనే పిలిచేవారు. ఆయనా పలికేవారు.

ఒక సినిమా కోసం విజయనగరం అవతల ఓ చిన్న ఊరి ఆసుపత్రికి వెళ్ళాం. వాడకంలో లేని పాత గదులు మాకిచ్చారు. మధ్యాహ్నం లైట్ల వేడికి ఉక్కపోసి, జోగినాథం గారు నన్ను విప్పకుండానే రోగులుండే వైపు వరండాలోకి వచ్చారు. అక్కడ బల్ల మీద పైడమ్మ ఒక్కతే కూర్చుని ఉంది. ఆమె మొగుడు సన్నాసి కాలి మీంచి ఇటుకల లారీ వెళ్ళిపోయింది. అతన్ని లోపలికి తీసుకెళ్ళారు. అప్పటినుంచీ ఎవరూ ఆమెకు ఏమీ చెప్పలేదు. నన్ను చూడగానే ఒక్క ఉదుటున లేచొచ్చి ఆయన చెయ్యి పట్టుకుంది.

"బాబూ, నువ్వు పెద్ద డాట్రువి గదా? మా మావ బతుకుతాడేటి బాబూ?"

"నేను డాక్టర్ని కాదమ్మా" అందామనే ఆయన నోరు తెరిచారు. ఆ ముఖం చూశాక ఆ మాట రాలేదు. ఏళ్ళ తరబడి నోటికి అలవాటైన మాటే వచ్చింది.

"ప్రాణానికేం భయం లేదమ్మా."

కళ్ళజోడు కూడా తీశారు.

పైడమ్మ నా అంచు పట్టుకుని కళ్ళకద్దుకుంది. ఏడుస్తూనే నవ్వింది. ఫోనులో ఎవరితోనో "ఏటీ బయం లేదంట! పెద్ద డాట్రుబాబు సెప్పీసినాడు!" అని కేకేసింది. జోగినాథం గారు గబగబా వెనక్కి వచ్చేశారు. మంచి పని చేశానన్న తేలిక ఆయన నడకలో ఉంది. నాకూ గర్వంగానే అనిపించింది. ఇప్పుడది చెప్పుకోవాలంటే తలెత్తలేను.

కాసేపటికి వరండాలోంచి అరుపులు వినపడ్డాయి. వెళ్ళి చూస్తే పైడమ్మ పక్కన, అదే బల్ల మీద, ఒకామె కూర్చుని ఉంది. ఒంటి మీద నలిగిన పచ్చబట్టలు, కాళ్ళకు రబ్బరు చెప్పులు, జుట్టంతా టోపీలోకి తోసేసుకుంది. ఆపరేషన్లు చేసే డాక్టరు సునంద ఆవిడే.

"కాలు నలిగిపోయిందమ్మా. కిందికి రక్తం పారడం లేదు. మోకాలి కింద తీసెయ్యకపోతే విషం ఒళ్ళంతా ఎక్కి మనిషే దక్కడు. నువ్వు ఒప్పుకోవాలి. ఇంక ఆగడానికి లేదు."

"నానొప్పుకోను! నర్సమ్మవి, నీకేటి తెలుసు? పెద్ద డాట్రుబాబు బయం లేదన్నాడు. ఆయన్ని పిలండి!"

"ఇక్కడ పెద్ద డాక్టరంటూ ఎవరూ లేరమ్మా. ఉన్నది నేనే."

సునంద గొంతు పెంచలేదు. మళ్ళీ మొదటినుంచి చెప్పింది. పైడమ్మ చెవులు మూసుకుని తల తిప్పుకుంది. అప్పుడు మేం కనిపించాం.

"అడుగో! ఆ బాబే సెప్పినాడు!"

అందరూ మావైపు తిరిగారు. జోగినాథం గారి చెమటకు నా వీపంతా తడిసిపోయింది. అక్కణ్ణించి జారుకోవచ్చు. కానీ ఆయన నా బొత్తాలు విప్పారు. నన్ను కింద పడేశారు.

"నేను డాక్టర్ని కాదమ్మా. సినిమాల్లో వేషాలు వేసుకునేవాణ్ణి. నాకు వైద్యం రాదు. ఆవిడే అసలు డాక్టరు. ఆవిడ చెప్పినట్టు చెయ్యి తల్లీ, నీ కాళ్ళు పట్టుకుంటాను."

పైడమ్మ తిట్టలేదు, కొట్టలేదు. తెలుసుకోవాలనే అడిగింది. "మరి నానడిగితే అలాగెందుకు సెప్పినావు బాబూ?"

నేల మీద పడి ఉన్న నాకు నా తెలుపే ఎబ్బెట్టుగా ఉంది.

ఆమె సునంద వైపు తిరిగి "తీసీయండమ్మా" అంది. సునంద ఆమె భుజం మీద ఒక్క క్షణం చెయ్యి వేసి లోపలికి పరుగెత్తింది. జోగినాథం గారి వైపు చూడనైనా లేదు. ఆ చూడకపోవడమే ఆయన్ని ఎక్కువగా కోసింది.

మర్నాడు ఉదయం ఆయన నన్ను తొడుక్కోబోతుంటే పైడమ్మ వెతుక్కుంటూ వచ్చింది. "కాలు తీసీసినారు బాబూ. డాట్రమ్మ ఇంక బయం లేదన్నాది." వెళ్ళబోయి వెనక్కి తిరిగింది. "నువ్వు కూడా ఓపాలి సెప్పు. నీ నోటంట ఇంటే దైర్నంగా ఉంటాది."

ఇన్ని సినిమాల్లో ఏ రచయితా జోగినాథం గారికి రాసివ్వని మాట అప్పుడు ఆయనే అన్నారు.

"నాకు తెలీదమ్మా. పద, మళ్ళీ ఆవిణ్ణే అడుగుదాం."

నన్ను కుర్చీ మీద పడేసి ఆమెతో వెళ్ళారు.

సన్నాసి బతికాడు. సినిమా కూడా బాగానే ఆడింది. జోగినాథం గారు మళ్ళీ డాక్టరు వేషం వెయ్యలేదు. నేను మాత్రం అద్దె దుస్తుల గోదాములోకి చేరి, ఇప్పటికీ ఎవరెవరి భుజాల మీదికో ఎక్కుతూనే ఉన్నాను. కొత్త కుర్రాళ్ళు నన్ను తొడుక్కుని అద్దం ముందు నిలబడతారు. "అచ్చం డాక్టరులా ఉన్నారు సార్" అంటారు పక్కవాళ్ళు. ఆ మాట వినపడగానే నేను ముడుచుకుపోతాను. ఇస్త్రీ సరిగ్గా చెయ్యలేదని ఎవరినో కేకలేస్తారు.