చల్లగదికి వచ్చిన చుట్టాలు

ఆ ఇంటి చిన్నకోడలికి ఒక జబ్బుంది. కంటబడిన ప్రతిదాన్నీ "ఎందుకూ?" అని అడగకుండా వదిలిపెట్టదు. పక్కింటి కిటికీ మూసి ఉన్నా ఎందుకు, పాలవాడు నవ్వినా ఎందుకు! అందుకే ఇంటిల్లిపాదీ ఆమెకు 'ఆరా' అని పేరు పెట్టేశారు. "పోలీసుల్లో చేరాల్సిన మనిషి, దారి తప్పి మా ఇంటికొచ్చింది" అని మొగుడు వేళాకోళం చేస్తుంటాడు.

నవ్వితే నవ్వారు గానీ, ఇంటి వెనక చల్లగది లేచిందంటే ఆ జబ్బు పుణ్యమే. దగ్గర్లో పండింది దగ్గర్లోనే తినేలా చూసే రైతు సంఘాలకు ప్రభుత్వం గ్రాంటు ఇస్తోందని ఎక్కడో చెవిన పడింది. ఇక ఊరుకుంటుందా! కాళ్ళరిగేలా ఆఫీసుల చుట్టూ తిరిగి, అడిగిన వాళ్ళనే మళ్ళీ అడిగి, విసుక్కున్న వాళ్ళ చేత కూడా సమాధానం చెప్పించుకుని తమ ఊరి సంఘానికి గ్రాంటు సాధించింది. చుట్టుపక్కల తోటల్లో పొద్దున కోసిన ఆకుకూరలు ఆ గదిలో ఉంటాయి. మర్నాడు తెల్లారేసరికి మొగుడు వాటిని వ్యానులో పెద్దాసుపత్రి వంటశాలకు చేరుస్తాడు. అంతకుముందు ఆ ఆసుపత్రికి ఎక్కడో దూరం నుంచి లారీలో వాడిపోయిన కూర వచ్చేది, ఇక్కడి లేత కూరేమో కొనే దిక్కులేక కాలవపాలయ్యేది. ఇదేం న్యాయమో మీరే చెప్పండి.

మామగారికి మాత్రం మొదట్లో నమ్మకం లేదు. "గవర్నమెంటు ఊరికే గది కట్టించి పెడుతుందా? పిచ్చిమాలోకం!" అన్నాడు. తీరా గది లేచాక దాని చుట్టూ ఒకసారి నడిచి, గోడ మీద వేలితో కొట్టి చూసి, "ఊఁ" అని వెళ్ళిపోయాడు. అంతే. అంత కష్టపడితే ఆయన నోట రాలింది ఆ 'ఊఁ' ఒక్కటే. కోడలికి ఆ ముక్క లోపలెక్కడో ముల్లులా ఉండిపోయింది.

అన్నీ సవ్యంగా నడుస్తున్నాయనుకునే వేళ పాలకూర తల వేలాడేయడం మొదలుపెట్టింది. రోజూ కాదు, ఎప్పుడో ఒకరోజు. అప్పటికే రెండుసార్లు బుట్టలు తిరిగొచ్చాయి. వంటశాల మేనేజరు ఫోన్ చేసి, "చూడమ్మా, మీరంటే గౌరవమే. కానీ ఇంకొక్కసారి ఇలాగైతే పాత లారీవాణ్ణే పిలుచుకుంటాను" అని తేల్చేశాడు. ఆసుపత్రి చేజారితే కొనేవాడుండడు. కొనేవాడు లేకపోతే గ్రాంటు షరతు ప్రకారం గది యంత్రాన్ని విప్పి వేరే సంఘానికి ఇచ్చేస్తారు. పైగా తనిఖీకి ఆఫీసరు వచ్చే వారమే వస్తున్నాడాయె.

మెకానిక్కు వచ్చి చూసి, "మిషను బంగారంలా ఉందక్కా" అని టీ తాగి పోయాడు. ఆరా నీళ్ళను అనుమానించింది, బుట్టలను అనుమానించింది, చివరికి పాపం పాలకూరనే అనుమానించింది.

ఆ అయోమయంలో ఉండగా ఆడపడుచు ఫోన్ చేసింది. "ఏం వదినా, మా మామగారికి ఏం పెట్టి పంపించారు? మీ ఇంటి నుంచి వచ్చిన దగ్గర్నుంచీ ఒకటే తుమ్ములు!"

ఆరా చెవులు నిక్కపొడుచుకున్నాయి. అంతకుముందు వచ్చి వెళ్ళిన మొగుడి మేనత్త కూడా జలుబనే కదా మూలిగింది! ఎండకు కాకులు నోళ్ళు తెరుచుకుని కూర్చుంటుంటే, తమ ఇంటికొచ్చిన చుట్టాలకే జలుబెందుకు? ఫోన్ పట్టుకునే పెరట్లోకి చూసింది. దండెం మీద మామగారి స్వెటరు ఆరుతోంది. ఈ ఎండల్లో స్వెటరా? మేనత్త వెళ్ళిన మర్నాడే ఒక బుట్ట తిరిగొచ్చింది. వియ్యంకుడు వెళ్ళిన మర్నాడు రెండోది.

"వదినా, మళ్ళీ చేస్తాను" అని ఫోన్ పెట్టేసింది.

రెండు రోజులకు మామగారి చిన్ననాటి స్నేహితుడొచ్చాడు. మధ్యాహ్నాలు తోటలకు వెళ్ళడం ఆరాకు అలవాటు. ఆరోజూ సంచి భుజాన వేసుకుని బయల్దేరినట్టే బయల్దేరి, షెడ్డు వెనక ఖాళీ బుట్టల చాటున నక్కింది.

అనుకున్నట్టే మామగారు స్వెటరు తొడుక్కుని వచ్చాడు. చల్లగది తలుపులు రెండూ బార్లా తెరిచాడు. మూసుకుంటే లోపలే ఉండిపోతామని భయం కాబోలు, ఒక్కోదానికీ ఒక్కో ఇటుక అడ్డం పెట్టాడు. స్నేహితుణ్ణి తిరగేసిన బుట్ట మీద కూర్చోబెట్టి, టీ గ్లాసు చేతికిచ్చాడు. చల్లదనమంతా హాయిగా పెరట్లోకి పోతోంది.

ఆరాకు ఒళ్ళు మండింది. తను ఊరంతా వెతికిన దొంగ ఇంట్లోనే స్వెటరేసుకుని కూర్చున్నాడు! కడిగిపారేద్దామని చెంగు బిగించి లేవబోయింది. ఇంతలో మామగారి గొంతు వినబడింది.

"ఇది తెచ్చిందెవరనుకున్నావురా? మా కోడలు! నేను కుదరదంటున్నా వింటేనా? మొండిది. ఈ చేతుల్తో ఎంత కూర కాలవలో పోశానో నీకు తెలుసు కదా. పోసిన ప్రతిసారీ ఇంటికొచ్చి అన్నం సహించేది కాదు. ఇప్పుడు నా చేత్తో ఒక్క కట్ట కాలవలో పోయలేదురా."

"ఆ మాట ఆ పిల్లతో చెప్పావా?"

"ఛ, ఎదురుగా పొగిడితే ఏం బాగుంటుంది? అందుకే వచ్చిన ప్రతివాణ్ణీ లాక్కొచ్చి చూపిస్తున్నా."

ఆరాకు కోపమూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. కళ్ళు తుడుచుకుని, వచ్చి కాలితో ఇటుకలు తప్పించింది.

"మామయ్యా, ఇద్దరూ బయటికి రండి. తలుపు వెయ్యాలి."

జరిగిందంతా విన్నాక ఆయన ముఖం పాలిపోయింది. "అంటే... కూరను పాడు చేసింది నేనా?" అంటూ స్వెటరు విప్పి చేతిలో నలుపుకున్నాడు. ఆ పూట మళ్ళీ అన్నం సహించలేదు.

తనిఖీ రోజు ఆఫీసరు చెమటలు కక్కుతూ దిగాడు. తలుపు తెరవగానే లోపలికి వెళ్ళి, "అబ్బ, ప్రాణం లేచొచ్చింది! కాసేపు ఇలాగే ఉంచండి, ఇక్కడే మాట్లాడుకుందాం" అని స్థిరపడ్డాడు. లోపల మర్నాటి పాలకూర ఉంది. అది వాడిపోతే ఆసుపత్రి పోతుంది. నోరు తెరిస్తే ఆఫీసరుకు కోపమొస్తుంది. ఎవరినైనా నిలదీసే ఆరా అప్పుడు మాత్రం తలుపు పిడి పట్టుకుని తటపటాయించింది.

"అయ్యా, తమరు బయటికి దయచెయ్యండి" అన్నాడు మామగారు వెనక నుంచి. "ఈ చల్లదనం మనది కాదు. ఆసుపత్రిలో ఉన్నవాళ్ళది."

ఆఫీసరు బిత్తరపోయి బయటికొచ్చాడు. మామగారు తలుపు మూసి, దానికి వీపు ఆనించి ఎండలో నిలబడ్డాడు. ఈసారి కోడలి ముఖంలోకే చూస్తూ చెప్పాడు.

"ఈ గది తెచ్చింది మా కోడలు. రెండుసార్లు కూర పాడు చేసింది నేను. రెండూ రాసుకోండి."

"మొదటిది రాస్తాను. రెండోది వదిలేద్దాం లెండి" అని ఆఫీసరు గట్టిగా తుమ్మాడు.

మర్నాడు వ్యాను ఖాళీ బుట్టలతో తిరిగొచ్చింది. ఒక్క కట్ట కూడా వెనక్కి రాలేదు. ఆరా పరుగున వెళ్ళి చెప్పబోయింది. మామగారు అప్పటికే చల్లగది ముందు కుర్చీ వేసుకుని కూర్చున్నాడు.

"అన్నం పెట్టమ్మా, ఆకలేస్తోంది" అన్నాడు.

ఎందుకని ఆమె అడగలేదు.