గది వేడి ఇరవై అయిదు

నేను ఒక్క సిలిండరు డీజిల్ ఇంజన్ని. తాగేది ఎక్కువ, చేసేది తక్కువ అని నా మీద మొదటి నుంచీ ఒక నింద ఉంది. నిందేమిటి, నిజమే. పోసిన డీజిల్లో మూడో వంతు కూడా పని కింద తేలదు. మిగతాదంతా పొగగొట్టంలోంచీ, నన్ను చల్లబరిచే నీళ్ళతోనూ పోతుంది.

రాజ్‌కోట్‌లో నన్ను తయారుచేశారు. భీమవరం దగ్గర నరసరాజు గారి రొయ్యల చెరువు గట్టున బిగించారు. రాజుగారికి నేను తిరిగితే చాలు. వేడి ఎటు పోతోందని ఏనాడూ అడగలేదు. చెరువుకు కరెంటు లైను వచ్చాక నన్ను ఇంజనీరింగ్ కాలేజీకి ఇచ్చేశారు. అక్కడ ఒంటినిండా తీగలు తగిలించి ఆ ఒక్క ప్రశ్నే అడగడం మొదలుపెట్టారు.

అడిగేది కరుణ. కాంట్రాక్టు మీద పాఠాలు చెబుతూ పరిశోధన చేసే అమ్మాయి. డాక్టరేట్ వస్తే ఉద్యోగం నిలుస్తుంది, లేకపోతే జూన్‌తో సరి. నా నీళ్ళు అరవై డిగ్రీల వేడితో బయటికొస్తాయి. ఆ వేడితో కరెంటు తీయవచ్చని ఆమె వాదన. వేడి ఎంత ఉందని కాదు, అందులో పనికొచ్చేది ఎంత అన్నది లెక్క. దాన్నే ఎక్సర్జీ అంటారు. చుట్టూ ఉన్న గాలి ఎంత చల్లగా ఉంటే అది అంత ఎక్కువ. గాలి ఇరవై అయిదు డిగ్రీలని పుస్తకాల్లో ఉంది. కరుణా అదే వేసింది. ఫలితం బ్రహ్మాండంగా వచ్చింది.

మే నెలలో ఒక మధ్యాహ్నం ఫ్యాను ఆగిపోయింది. చెమట తుడుచుకుంటూ కరుణ గోడ మీది థర్మామీటరు వంక చూసింది. నలభై. కుర్చీ లాక్కుని కూర్చుంది. తర్వాత నలభై వేసి మళ్ళీ లెక్క కట్టింది. నీళ్ళలో పనికొచ్చేది మూడో వంతుకు పడిపోయింది. ఆమె అదే లెక్క మూడోసారి కడుతుంటే నాకు భయం వేసింది.

మర్నాడు ఆ లెక్కల కాగితాలు పట్టుకుని, పరిశోధనలో ఆమె గైడు విశ్వేశ్వరం గారు నా గదిలోకే వచ్చారు.

"సార్, ఈ గదిలో ఇరవై అయిదు ఎప్పుడుందండి?"

"అందరూ అదే వేస్తారమ్మా. ఎందుకొచ్చిన గొడవ? పాతదే ఉంచెయ్, సంతకం పెట్టేస్తాను."

"నేను రాసినంత కరెంటు ఆ నీళ్ళలో లేదండి. నలభై వేసే ఇస్తాను."

ఆయన నా మీద చెయ్యి ఆనించి, చురుక్కుమనేసరికి తీసేశారు.

"నా డాక్టరేటూ ఇరవై అయిదు మీదే వచ్చిందమ్మా. ఇదే గదిలో. నీది దిద్దితే నాదేమైపోతుంది?"

తిట్టలేదు. కాగితాలు మెల్లగా ఆమె వైపు జరిపి వెళ్ళిపోయారు. సంతకం లేదు.

జూన్‌లో కరుణ ఉద్యోగం పోయింది. వెళ్ళిపోయేముందు వచ్చి నా తీగలన్నీ తన చేత్తోనే విప్పి చుట్టిపెట్టింది. నాకు ఏడుపొచ్చింది. ఇంజనుకు ఏడుపేమిటని నవ్వకండి. నేను వృథా చేసేది వేడినే. మీరు ఏకంగా మనిషినే వృథా చేశారు.

ఇప్పుడు నా మీద టార్పాలిన్ కప్పి ఉంది. విశ్వేశ్వరం గారు అప్పుడప్పుడు ఒక్కరే వస్తారు. గోడ దగ్గర నిలబడి, కళ్ళజోడు సవరించుకుని థర్మామీటరు చూస్తారు. నన్ను మాత్రం స్టార్టు చెయ్యరు.