ఒక్కదాని మాట

కోర్టుకు వెళ్ళేముందు ఇస్మే ఉప్పుచేప ముళ్ళు తీస్తోంది. కరీబియన్ దీవి గ్రెనడా హైకోర్టులో న్యాయమూర్తి అయినా, రాజధాని సెయింట్ జార్జెస్‌లోని ఆ ఇంట్లో పొయ్యి ఆమెదే.

"ఆదివారం మా తమ్ముణ్ణి భోజనానికి రమ్మన్నాను," అన్నాడు భర్త కత్బర్ట్, పేపర్లోంచి తలెత్తకుండా.

"అతను వస్తే నేనుండనని చెప్పాగా."

"మళ్ళీ మొదలెట్టావా? ఎప్పుడో వంటింట్లో నీ మీద చెయ్యేశాడట! ఎవరైనా చూశారా? ఆ రోజే ఎందుకు చెప్పలేదు? నీ ఒక్కదాని మాట పట్టుకుని తోడబుట్టినవాణ్ణి గుమ్మం బయట నిలబెట్టనా?"

ఆమె చేతులు కడుక్కుని బయల్దేరింది.

ఆ రోజు షెర్లాన్ కేసు ముగింపుకొచ్చింది. జాజికాయల గిడ్డంగిలో పనిచేసే పిల్ల. తనను బలవంతం చేశాడని యజమాని మీద కేసు పెట్టింది. చూసినవాళ్ళు లేరు. పిన్నికి కూడా చాలా రోజులకు గానీ చెప్పలేదు. చట్టం విషయాలు మాట్లాడుకోవడానికి జ్యూరీని కాసేపు బయటికి పంపాక డిఫెన్స్ లాయరు ఫ్లెచర్ లేచాడు.

"మిలేడీ, జ్యూరీకి ఆ మామూలు హెచ్చరిక చేస్తారనుకుంటాను. ఇలాంటి కేసుల్లో ఆడమనిషి ఒక్కదాని మాట నమ్మి దోషి అనడం ప్రమాదమని."

ఇస్మేకు అది కంఠతా వచ్చు. ఒకప్పుడు తప్పనిసరి, ఇప్పుడు చెప్పడం, మానడం న్యాయమూర్తి ఇష్టం. అయినా చెబుతూనే వచ్చింది. అప్పీల్లో కొట్టేస్తారని భయం, ఆడది కాబట్టి ఆడదాని పక్షమంటారని భయం. దొంగతనం కేసుల్లో దుకాణదారు ఒక్కడి మాటకు ఏ హెచ్చరికా అక్కర్లేదు. ఎంతమంది అమ్మాయిలు వింటుండగా దాన్ని తన నోటితో చదివిందో! వాళ్ళ ముఖాలు చూడకుండా చదవడం అలవాటైపోయింది. పొద్దున కత్బర్ట్ అన్నదీ, ఇన్నేళ్ళుగా నల్లగౌను వేసుకుని తానన్నదీ ఒకటే. కోపం కూడా రాలేదు.

"ఈ అమ్మాయి అబద్ధమాడుతోందనడానికి ఆధారమేమైనా ఉందా, ఫ్లెచర్ గారూ?"

"ఆధారమంటే... ఆనవాయితీ, మిలేడీ."

"కూర్చోండి."

జ్యూరీ తిరిగొచ్చింది. ఇస్మే తాను రాసుకున్న కాగితాలు పక్కన పెట్టింది.

"నేరం రుజువు చేయాల్సింది ప్రభుత్వం. మీకు నిశ్చయం కాకపోతే ముద్దాయిని వదిలేయాలి. నిజమేదో తేల్చేది మీరు, నేను కాదు. ఆలస్యంగా చెప్పినంత మాత్రాన అది అబద్ధం కాదు, నిజమూ కాదు. ఎందుకు ఆలస్యమైందో ఆమె చెప్పింది, ఆలోచించండి. ఎవరూ చూడకపోయినా, ఆమె చెప్పింది నిజమని మీకు నిశ్చయమైతే, ఆ ఒక్క మాట చాలు."

షెర్లాన్ తలెత్తింది. ఈసారి ఇస్మే చూపు తిప్పుకోలేదు.

సాయంత్రానికి జ్యూరీ దోషి అంది. అప్పీలు చేస్తామన్నాడు ఫ్లెచర్. చెయ్యండంది ఇస్మే.

కోర్టులోని తన గదిలో నల్లగౌను విప్పి కుర్చీలో కూలబడింది. ఫోను మోగింది.

"ఎక్కడున్నావ్? ఆకలేస్తోంది," అన్నాడు కత్బర్ట్.

"అక్క ఇంటికి వెళ్తున్నాను. కొన్నాళ్ళు అక్కడే ఉంటాను."

"ఉన్నట్టుండి ఏమొచ్చింది?"

"ఉన్నట్టుండి కాదు. నీకు ఎప్పుడో చెప్పాను."